కారులో కుక్కర్ ప్రకటన

ఒకసారి కడప నుంచి రాయచోటికి అద్దె కారులో వెళ్లాను. ముందు సీటు వెనక బిగించిన చిన్న తెరలో ఒక కుక్కర్ ప్రకటన పదే పదే వస్తోంది. తెర మీద దుమ్ము మచ్చుకైనా లేదు. ప్రకటన చివర్లో ఒక ఇల్లాలు నవ్వుతూ, "రండి, అన్నం పెట్టేశా" అంటుంది.

"వస్తాండా మ్మే" అన్నాడు డ్రైవరు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే.

ఆయనకు అరవై ఏళ్లుంటాయి. నేను విన్నానని తెలిసి సిగ్గుపడ్డాడు.

"ఆపేయమంటారా సార్? ఒక్కణ్ణే పోయేటప్పుడు గూడా పెట్టుకుంటా. మా ఇంటామె సచ్చిపోయి రెండేండ్లాయ. ఇంట్లో అన్నానికి పిలిచేటోళ్లు యాడుండారు?"

"ఆపొద్దులే అన్నా" అన్నాను. "ఆమె ఏ వంట బాగా చేసేది?" అని అడిగాను.

"ఊరిబిండి సార్. శానా బాగా నూరేది."

ఆ పచ్చడి నూరినప్పుడల్లా ఉప్పు చూడమని కాస్త ఆయన అరచేతిలో పెట్టేదట. అది చెబుతూ స్టీరింగు మీంచి ఎడమ చెయ్యి తీసి చాపాడు. చాలాసేపు అలాగే ఉంచాడు.

రాయచోటిలో నేను దిగాల్సిన వీధి వచ్చింది. అక్కడ నాకోసం ఎదురుచూసేవాళ్లెవరూ లేరు. కారు ఆగినా నేను తలుపు తీయలేదు. ఆయన ఇంకా చెబుతూనే ఉన్నాడు.