రేగొండ గోడ మీద అవ్వ బొమ్మ

మా అబ్బాజాన్ జనగామలో బోర్డులు రాసేవాడు. స్టేషన్ నుంచి బజారుకు పోయే దారిలో రేకుల కప్పు వేసిన చిన్న దుకాణం మాది. బట్టల షాపుల పేర్లు, లారీల వెనక నంబర్లు, ఎన్నికలప్పుడు గోడల మీద గుర్తులు, అన్నీ ఆయన చేతి రాతే. మనుషుల మొఖాలు మాత్రం ఎన్నడూ గీయలేదు. అది మతం పట్టింపు అని చాలాకాలం అనుకున్నాను. ఒకసారి అడిగితే, "అక్షరం తప్పు పోతే తుడిచి రాస్తం బేటీ. మొఖం తప్పు పోతే ఆ మనిషికి ఏం చెప్తం?" అన్నాడు. మేం ఇంట్లో మాట్లాడుకునేది దక్కనీ. ఆయన మాటలు ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను.

ఆయన చెయ్యి వణకడం మొదలయ్యాక బ్రష్ నేను పట్టుకున్నాను. స్క్రీన్ ప్రింటింగు కూడా నేర్చుకున్నాను. నాకు మొఖాలు గీయడమే ఇష్టం. అబ్బాజాన్ వద్దనలేదు, మెచ్చుకోనూ లేదు.

తెలంగాణ ఉద్యమం మళ్లీ లేచి, పిల్లలు కాలేజీలు వదిలి రోడ్ల మీద ఉన్న కాలమది. ఒక చలికాలం పొద్దున సర్కారు బడిలో పాఠాలు చెప్పే సార్ ఒకాయన దుకాణానికి వచ్చాడు. ఆయనకు నాటకాల పిచ్చి. ఆరేడుగురు టీచర్లను, ఇద్దరు అంగన్‌వాడీ టీచరమ్మలను కూడగట్టి ఒక బృందం పెట్టుకున్నాడు. వచ్చే ఎండాకాలం లోపల మూడు నాటకాలు వెయ్యాలని ఆయన ఆలోచన. జనగామలో ఎండిపోయిన బోర్ల మీద ఒకటి, మేం మానుకోట అని పిలుచుకునే మహబూబాబాద్‌లో రాయి కోసం కోస్తున్న గుట్టల మీద ఒకటి, భూపాలపల్లిలో ఓపెన్‌కాస్టు బొగ్గుగని కింద పోతున్న ఊళ్ల మీద ఒకటి. అప్పటికి మూడూ ఒకే జిల్లా.

"రాష్ట్రం వస్తది బిడ్డా, నాకు నమ్మకమే. వచ్చేనాటికి నేల మిగలాలె గద" అన్నాడు. "పోస్టర్లు, కరపత్రాలు, గుడ్డ బ్యానర్లు అన్నీ నువ్వే చెయ్యాలె."

"ఫ్లెక్సీ చేపిస్తే ఒక్క పూటల అయిపోతది సార్" అన్నాను.

"చెట్లు బతకాలె అని ప్లాస్టిక్ మీద అచ్చేస్తే ఎవరన్న నమ్ముతరా?"

అట్లా ఫ్లెక్సీ మాట పోయింది. తర్వాత రంగు దగ్గర ఆగిపోయాం. గులాబీ వేస్తే ఒక పార్టీ అంటారు, ఎరుపు వేస్తే ఇంకొక పార్టీ అంటారు. పచ్చ వేద్దామన్నాను. సార్ నా మొఖం చూసి, కాస్త మొహమాటపడి, "నీ పేరు జూసి దానికి వేరే అర్థం తీస్తరేమో" అన్నాడు. ఏ రంగు ముట్టుకున్నా దానికి అప్పటికే ఎవరో ఒకరు సొంతదారులు ఉన్నారు. చివరికి ఖాకీ కాగితం మీద ఒక్క నలుపే అనుకున్నాం. రోజూ ఎక్కడో ఒకచోట బంద్ ఉండేది కాబట్టి తేదీ అచ్చు వేయకుండా, అక్కడ ఖాళీ గడి వదిలి, తర్వాత చేత్తో రాద్దామనుకున్నాం. రెండూ అప్పుడు తెలివైన నిర్ణయాల్లాగే కనిపించాయి.

భూపాలపల్లి నాటకానికి సార్ పెట్టిన పేరు 'ఊరు యాడికి పోతది'. అబ్బాజాన్ ఆ కాగితాన్ని చాలాసేపు పట్టుకుని చూశాడు. ముప్ఫై ఏళ్లుగా తెలుగు రాస్తున్నాడు కానీ 'యాడికి' అన్న మాట ఎప్పుడూ రాయలేదు. అట్లాంటి మాటలు సినిమాల్లో నౌకర్లు మాట్లాడితే హాలంతా నవ్వేది. "గిట్లనే రాయాల్నా?" అని సార్‌ను రెండుసార్లు అడిగాడు. ఆ తర్వాత వణికే చేత్తోనే ఆ మూడు మాటలకు మూడు రకాల అక్షరాలు వేసి చూపించాడు. అంత శ్రద్ధగా ఆయన ఏ షాపు పేరూ రాయలేదు.

మొదటి రెండు పోస్టర్లు త్వరగానే అయ్యాయి. ఒకదానికి తిరగబడ్డ బిందె, ఇంకోదానికి సగం కోసిన గుట్ట. మూడోదానికి ఏం గీయాలో తెలియలేదు. సార్ నన్ను గని పక్కనున్న ఒక ఊరికి తీసుకుపోయాడు. చెట్ల ఆకుల మీద దుమ్ము దట్టంగా పేరుకుని, ఏ ఆకు ఏ చెట్టుదో ఆనవాలు పట్టడం కష్టంగా ఉంది. ఒక ఇంటి ముందు ముసలామె కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. భర్త లేడు, ఒక్కతే కూతురు, మొగుళ్లపల్లికి ఇచ్చిందట. నాకూ కొంచెం చింతపండు ముందర పెట్టి, పని చేస్తూ మాట్లాడమంది.

మాటల మధ్యలో గనిలో బొగ్గు కోసం పేల్చారు. కాళ్ల కింద నేల కదిలింది. అవ్వ చప్పున అరచెయ్యి వెనక గోడకు ఆనించి, అదురు ఆగేదాకా అట్లాగే ఉంచింది. ఆగాక మళ్లీ గింజలు తీయడం మొదలుపెట్టింది.

"ఎందుకవ్వా గోడను గట్ల పట్టుకుంటవ్?"

"ఏమో బిడ్డా. రోజూ అదురుతది. చంటిపిల్లకు జోకొట్టినట్టు చెయ్యేస్త."

ఆమె మొఖం నుంచి కళ్లు తిప్పుకోలేకపోయాను. "నీ బొమ్మ గీసుకోనా అవ్వా" అని అడిగాను. "గీసుకో, నాదేం పోయింది" అంది. పోస్టరు అని చెప్పలేదు. చెప్పాలని నాకు తోచలేదు.

ఆ బొమ్మ నేను అప్పటిదాకా గీసినవాటిలో మంచిది. దుకాణంలో దండేల మీద వరసగా ఆరేసిన పోస్టర్లన్నింటి నుంచి అవ్వ చూస్తుంటే నాకు గర్వంగా ఉండింది. అబ్బాజాన్ ఒక పోస్టరు ముందు నిలబడి, "ఈమెకు చూపించినవా?" అని అడిగాడు. "నాటకం రోజు చూపిస్త" అన్నాను.

బృందంవాళ్లు పరకాల, రేగొండ, భూపాలపల్లి గోడల మీద పోస్టర్లు అంటించారు. నాలుగో రోజు సార్ దుకాణానికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. మంచినీళ్లు ఇస్తే తాగలేదు. అవ్వ అల్లుడు ఫోన్ చేశాడని చెప్పాడు.

జరిగింది ఇది. అవ్వ కూతురు ఏదో పని మీద మొగుళ్లపల్లి నుంచి రేగొండ వచ్చింది. బస్సు దిగగానే ఎదురుగా గోడ. తెలంగాణ కోసం ప్రాణం తీసుకున్న పిల్లల నివాళి పోస్టర్లు ఆ రోజుల్లో ప్రతి ఊళ్లోనూ ఉండేవి. నలుపు సిరా, మధ్యలో మొఖం, కింద తేదీ. ఆ వరుసలో తన తల్లి మొఖం కనిపించింది. నాటకం పేరున్న కింది భాగం మీద ఇంకెవరో వేరే కాగితం అంటించారు. పైన మొఖమూ, పక్కన గడిలో చేతిరాత తేదీ మాత్రం మిగిలాయి. ఆమెకు చదువు రాదు. గడిలోని అంకెలు చూసి, దినాల తేదీ వేశారనుకుంది. అక్కడికక్కడే కూలబడింది. ఎవరో ఆటో ఎక్కించారు. తల్లిగారి ఊరి మొదట్లో దిగి, తల్లిని తలుచుకుని శోకాలు పెట్టుకుంటూ వాడలోకి వచ్చింది. ఆ ఏడుపు విని, ఎవరు పోయారో చూద్దామని ఇంట్లోంచి బయటికి వచ్చిన మొదటి మనిషి అవ్వే.

మరునాడు సార్, నేను బయలుదేరాం. అబ్బాజాన్ కూడా షేర్వాణీ వేసుకుని వచ్చాడు. వద్దన్నా వినలేదు.

కూతురు మమ్మల్ని చూసి మొఖం తిప్పుకుంది. అబ్బాజాన్ అవ్వకు సలాం చేసి, "నా బిడ్డ తప్పు చేసిందమ్మా. నేను చూసి కూడా ఆపలే" అన్నాడు. అవ్వ మమ్మల్ని కూర్చోమంది.

"నా బిడ్డ నా కోసం ఎట్ల ఏడుస్తదో బతికుండంగనే ఇన్న" అంది నెమ్మదిగా. "గట్లాంటిది ఎవరికి దొరుకుతది. గందుకు నాకు కోపం లేదు." కూతురి వైపు ఒకసారి చూసింది. "కాని సచ్చిపోయిన పిల్లల పక్కపొంటి నన్ను పెట్టినవట. వాళ్ల తల్లులు గా గోడల ముంగటికి వస్తరు బిడ్డా. ఆడ నేనెందుకు? తీసెయ్యి."

"తీసేస్త అవ్వా. తప్పయింది."

"మీ నాటకం ఆపకుండ్రి. గీస్తే గోడను గీయి. నేనైతే నా బిడ్డ ఇంటికన్న పోత. గోడ యాడికి పోతది?"

ఆ రోజే రేగొండలో దిగాం. నీళ్లు చల్లి, రేకు ముక్కతో మా పోస్టర్లు గీకడం మొదలుపెట్టాను. బస్టాండు ఎదురుగా ఉన్నది ఒక పిల్లగాడి నివాళి పోస్టరు మీదికి కొంచెం ఎక్కి ఉంది. ఎంత మెల్లగా లాగినా, మాదానితో పాటు అతని చెంప చినిగి వచ్చేసింది. ఇరవై ఏళ్లు కూడా ఉండవు. చేతిలో ఆ ముక్క పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను.

పక్కన చాయ్ హోటల్ ఆమె చూసింది. "ఆని తల్లి అంగడి రోజు వస్తది. పైటకొంగుతోని దుమ్ము తుడిచి పోతది" అంది.

సంచిలో ఖాకీ కాగితం, నల్ల సిరా ఉన్నాయి. హోటల్ బల్ల మీద కూర్చుని ఆ చెంపను గీశాను. రెండోవైపు చెంప చూస్తూ ఒక్కో గీత వేశాను. అబ్బాజాన్ కాగితం కదలకుండా నాలుగు వేళ్లతో నొక్కిపట్టాడు. "జర కిందికి. గడ్డం అక్కడ మొదలవుతది" అన్నాడొకసారి. మొఖం ఎట్లా గీయాలో ఆయన నాకు చెప్పిన ఒకే ఒక్క మాట అది. ముక్కను అంటించాక దూరం నుంచి చూస్తే అతుకు తెలిసింది. రంగు కూడా కలవలేదు. అయినా చెంప ఖాళీగా లేదు. ఆ తల్లి దాన్ని చూసిందో లేదో, చూసి ఏమనుకుందో నాకు తెలియదు. అడగడానికి ధైర్యం చాలలేదు.

కొత్త పోస్టరులో బీటలు వారిన గోడ, దాని మీద ఒక అరచెయ్యి. ఈసారి అంటించక ముందే తీసుకుపోయి అవ్వకు చూపించాను. చేతి వేళ్లు మరీ నాజూకుగా ఉన్నాయి, ఇవి పని చేసిన వేళ్లు కావంది. దిద్దాను.

బంద్‌ల వల్ల రెండుసార్లు వాయిదా పడి, ఒక ఆదివారం మధ్యాహ్నం భూపాలపల్లిలో బడి ఆవరణలో నాటకం జరిగింది. అవ్వ, కూతురు ముందు వరుసలో కూర్చున్నారు. నాటకంలో ఊరు విడిచిపోతున్న ముసలామె పాత్ర అంగన్‌వాడీ టీచరమ్మ వేసింది. చాలా ఏడ్చింది. జనంలోనూ చాలామంది ఏడ్చారు. చివర్లో సార్ అవ్వను మాట్లాడమన్నాడు. ఆమె లేచి, "మంచిగ జేసిండ్రు. కాని గీమె అన్నిసార్లు ఏడుస్తున్నది. నాకు ఏడ్వబుద్ధి కాదు. కోళ్లను యాడ పెట్టాలె, చింతచెట్టు కాయ ఎవరు తెంపుతరు, గివే బుర్రల తిరుగుతయి" అని కూర్చుంది. తర్వాతి ప్రదర్శనకు సార్ ఆ ఏడుపులన్నీ తీసేశాడు.

రాష్ట్రం వచ్చింది. ఆ రోజు జనగామలో నేను కూడా రోడ్డు మీద ఉన్నాను. తర్వాత కొన్నేళ్లకు అవ్వ ఊరు గని కిందికి పోయింది. మేం వేసిన నాటకం దాన్ని ఒక్క రోజు కూడా ఆపలేదు. ఈ మాట రాయడం కష్టంగానే ఉంది, అయినా అదే నిజం.

అవ్వకు దూరంగా కట్టిన కాలనీలో ఇల్లు ఇచ్చారు. చూసి రావాలని ఒకసారి పోయాను. ఇళ్లన్నీ ఒకే తీరు, తలుపులన్నీ ఒకే నీలం. అవ్వ బాగా వంగిపోయింది. నన్ను గుర్తుపట్టి చెయ్యి పట్టుకుంది.

"బయటికి పోతే మల్ల నా ఇల్లు దొరుకుతలేదు బిడ్డా. రెండుసార్లు వేరేటోళ్ల ఇంట్లకు పోయిన. నంబరేసిండ్రు కాని నాకు చదువు రాదాయె. ఏమన్న ఆనవాలు పెట్టు."

"ఏం గీయాలె అవ్వా?"

"కోడిని గీయి. పిల్లలతోని."

బస్టాండు దాకా పోయి రంగు డబ్బాలు, బ్రష్ కొనుక్కొచ్చాను. అవ్వ పక్కనే కూర్చుని తోక ఇట్లా కాదు, కాళ్లు ఇంకా పొట్టి అని చెబుతుంటే దిద్దుతూ గీశాను. సగంలో ఉండగా ఎదురింటామె వచ్చి నిలబడి, తన తలుపు మీద ఎడ్లజత గీస్తావా అని అడిగింది. ఆ తర్వాత ఇంకొకాయన వచ్చాడు. బస్సు వేళ అయ్యేసరికి ఆ వీధిలో నాలుగు తలుపులు అయ్యాయి. ఐదో ఇంటివాళ్లు తమకు ఏం కావాలో ఇంకా తేల్చుకోలేదు.