మిరప చేలో ఏడవని పిల్ల

సోని తన బిడ్డకు పాలల్లో ఇప్పసారా కలిపి పోసి పండబెట్టేదని, అందుకే ఆ పిల్ల మెదడు మొద్దుబారిందని మా తండాలో చెప్పుకునేవాళ్లు. ఇల్లందు పోయే బస్సులో కూడా ఈ మాట విన్నాను. ఏ ఇంట్లో సారా కొన్నదో, ఏ సీసాలో పోసుకుపోయిందో కళ్లతో చూసినట్టు చెప్పేవాళ్లు. చివరికి అది పెద్దమనుషుల ముందుకు వచ్చి, బిడ్డ సోని దగ్గర ఉండాలా వద్దా అనేదాకా పోయింది.

సోని మా పక్కింటి ధన్‌సింగ్ భార్య. నాకు వదిన వరస. ఆమె పుట్టిల్లు బూర్గంపాడు దగ్గర తండా. నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసి కూలికి పోవడం మొదలుపెట్టిన ఏడే ఆమె కాపురానికి వచ్చింది. మిరపకాయలు ఏరేటప్పుడు మావి పక్కపక్క సాళ్లు. తన సాలు అయిపోతే ఏమీ అనకుండా నా సాలులోకి వచ్చి ఏరేది.

సోని బిడ్డ పుష్ప 2004 వానాకాలంలో పుట్టింది. పుట్టినప్పుడు అందరి పిల్లల్లాగే బొద్దుగా ఉంది. పచ్చకామెర్లు మాత్రం నెల దాటినా పోలేదు. సోని అత్త గోరి పసరు పోయించింది, మెల్లగా తగ్గాయి. బొడ్డు ఉబ్బి ఉండేది, ఒళ్లు ఎప్పుడూ చల్లగా తగిలేది. ఎవరూ దిగులు పడలేదు. పిల్ల ఏడ్చేది కాదు మరి. ఆకలికి కూడా లేచేది కాదు. ఎప్పుడో ఒకసారి బొంగురుగా మూలిగి మళ్లీ నిద్రపోయేది. ఎత్తుకున్న వాళ్లంతా బంగారుతల్లి అనేవాళ్లు.

మిరప కాలం వస్తే ముఠా మేస్త్రి తండాలు తిరిగి మనుషులను మాట్లాడుకుంటాడు. తిరుమలాయపాలెం వైపు చేలకు పోతే ఏరుడు అయ్యేదాకా అక్కడే పరదాల గుడిసెల్లో ఉండాలి. చంటిపిల్లల తల్లులను మేస్త్రులు వద్దంటారు. పిల్ల ఏడ్చినప్పుడల్లా తల్లి సాలు వదిలిపోతుందని వాళ్ల బాధ. అందుకే ముందుగా పిల్లను చూస్తారు. ఆ ఏడు మేస్త్రి సీతయ్య పుష్ప ఉయ్యాల దగ్గర కూర్చుని చెవి పక్కన చప్పట్లు కొట్టాడు. పిల్ల కళ్లు తెరిచి, మళ్లీ మూసింది.

"గిసొంటి పిల్లలైతే ఇంకొకరిని కూడ కనమనుండ్రి, ఇద్దరినీ తోల్కపోత" అన్నాడు.

అందరం నవ్వాం. సోని కూడా సిగ్గుపడుతూ నవ్వింది. ముఠాలో మొదట ఆమెనే ఖాయం చేసుకున్నాడు.

చేలో కాయల ఘాటుకు మిగతా పిల్లలు తుమ్మి, దగ్గి, ఏడ్చేవాళ్లు. పుష్ప చీర ఉయ్యాలలో కదలకుండా పడుకునేది. సోనియే పనిలోంచి పోయి లేపేది. సీసాలో తెచ్చుకున్న నీళ్లతో, మట్టితో కారం చేతులను రుద్ది రుద్ది కడుక్కునేది. పిల్ల అరికాలు మీద చిటికెలు వేసేది. పిల్ల నాలుక మందంగా, నోటి నిండా ఉండేది. వేలు పెట్టి నాలుకను కిందికి నొక్కితే తప్ప రొమ్ము పట్టేది కాదు. దూరపు సాళ్లలో ఉన్నవాళ్లకు కనిపించింది సీసా, నోట్లో వేలు.

రెండో ఏడు వచ్చినా పుష్ప కూర్చోలేదు. పళ్లు రాలేదు. నాలుక బయటికి జారింది, చర్మం గరుకెక్కింది, జుట్టు పీచులా అయింది. అప్పుడు ముఠాలో ఎవరికో సీసా, వేలు గుర్తుకొచ్చాయి. బంగారుతల్లి అన్నవాళ్లే సారా మాట పుట్టించారు. దవాఖానాకు పోదామని సోని అడిగినప్పుడల్లా గోరి ఒకటే అనేది.

"పోయి ఏం చెప్తవ్? నేనే తాపిన అని చెప్తవా?"

కారణం తెలిసిపోయిందనుకున్నారు కాబట్టి ఇంట్లో ఎవరూ వైద్యం వెతకలేదు. ధన్‌సింగ్ తల్లి మాట దాటేవాడు కాదు.

ఒకరోజు పొద్దున్నే సోని పిల్లను వీపున కట్టుకుని మా ఇంటికి వచ్చి, బోర్డులు చదవడానికి తోడు రమ్మంది. ఇద్దరం ఖమ్మం పోయాం. అప్పటికి పుష్పకు రెండేళ్లు దాటాయి. పిల్లల డాక్టరమ్మ రక్తం పరీక్ష రాసింది. మళ్లీ పోయినప్పుడు ఆ కాగితం చూసి, తన గొంతు మీద వేళ్లు పెట్టి చూపించింది. కంఠం ముడికి కిందుగా, గాలిగొట్టానికి ముందు, రెక్కలు విప్పిన సీతాకోకచిలుకలా చిన్న గ్రంథి ఉంటుందట. పేరు థైరాయిడ్. మనం తినే ఉప్పులోని అయోడిన్‌తో ఒక రసం తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. ఒంటి వేడి, గుండె వేగం, ఎదుగుదల అంతా ఆ రసం మీదే నడుస్తుంది. అది ఎక్కువైతే ఎంత తిన్నా మనిషి చిక్కిపోతాడు, గుండె దడ, చేతుల వణుకు, కొందరికి కళ్లు ముందుకు పొడుచుకొస్తాయి. తక్కువైతే ఒళ్లు ఉబ్బుతుంది, చలి, మగత, నిద్ర. బయట బెంచీ మీద మెడ కింద ఇంత గడ్డతో కూర్చున్నామెదీ ఆ గ్రంథి జబ్బేనంది. పెద్దవాళ్లకైతే మందుతో చాలావరకు సర్దుకుంటుంది. పసిపిల్లకు మాత్రం పుట్టిన మొదటి వారాల్లోనే మందు పడాలి, మెదడు ఎదిగే కాలం అది.

"ఇప్పుడు ఏస్తే మాట్లాడుతదా అమ్మా?" అని సోని అడిగింది.

"ఒళ్లు ఎదుగుతుంది. నడుస్తుంది. మాటల సంగతి చెప్పలేను. గోళీ మాత్రం రోజూ పరగడుపున వేయాలి, బతికినన్నాళ్లూ."

గోళీ మొదలయ్యాక పుష్ప ఒళ్లు వెచ్చబడింది. పళ్లు మొలిచాయి. గోడ పట్టుకుని నిలబడింది. ఒకరోజు ఆకలేసి గట్టిగా ఏడ్చింది. సోని వెంటనే ఎత్తుకోలేదు, కాసేపు వింటూ నిలబడింది.

జబ్బు గొంతులో ఉందని తెలిసేసరికి తండాలో మాట ఇంకా గట్టిపడింది. సారా గొంతులోంచే కదా దిగేది, అక్కడి గ్రంథిని కాల్చేసిందన్నారు. తండా పెద్ద నాయక్ దేవ్లా ఇంటి ముందు పంచాయితీ పెట్టారు. ముఠా ఆడవాళ్లు సీసా సంగతి చెప్పారు. అవి చేతులు కడుక్కునే నీళ్లని నేను చెప్పాను. చదువు మధ్యలో మానేసిన దానివి నీకేం తెలుసని కూర్చోబెట్టారు. బిడ్డ నాయనమ్మ దగ్గర ఉండాలని, సోని తల్లిగారింటికి పోవాలని దేవ్లా తీర్పు చెప్పాడు. సోని కొట్లాడలేదు.

"గోళీ మరువకుండ్రి" అని మాత్రం అంది.

గోరి కొన్నాళ్లు వేసింది. మా దగ్గర మందంటే జ్వరం తగ్గేదాకే. పిల్లకు పళ్లొచ్చాయి, నిలబడుతోంది, ఇంకా గోళీ ఎందుకని ఆపేసింది. నేను పోయి చెబితే తలుపు వేసుకుంది. చలికాలానికి పుష్ప మళ్లీ చల్లబడింది. నిలబడటం మానేసి, మూలన ముడుచుకుని నిద్రపోయేది. ధన్‌సింగ్ భయపడి, నన్ను వెంటబెట్టుకుని ఖమ్మం తీసుకుపోయాడు. ఈసారి డాక్టరమ్మ గొంతుకు స్కాన్ తీయించింది.

"సారాకు కాలిపోయిందా మేడం?" అని అతను అడిగాడు.

ఆమెకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీ దగ్గరికి జరుపుకుని చెప్పింది. విన్నాక ధన్‌సింగ్ పిల్లను ఎత్తుకుని లేచాడు. ఇంటి బస్సు ఎక్కకుండా బూర్గంపాడు వైపు పోయాడు. పిల్లను, గోళీల కవరును సోని ఒడిలో పెట్టి, గుమ్మంలో కూడా కూర్చోకుండా వెనక్కి తిరిగాడు. రమ్మని అనలేదు. ఆమె వస్తానని అనలేదు.

తండాలో అతను ఎవరికీ ఏమీ చెప్పలేదు, నా మాట ఎవరూ లెక్కచేయలేదు. పాడుచేసినదాని నెత్తినే పడేసి వచ్చాడని ఇప్పటికీ మెచ్చుకుంటారు. పుష్పకు ఆరో ఏడు వచ్చింది. నడుస్తుంది, మెట్లు ఎక్కుతుంది. మాటలు లేవు.

ఆ రోజు డాక్టరమ్మ స్కాన్‌లో చూపించింది ఇది. పుష్ప గొంతులో ఆ గ్రంథి ఉండవలసిన చోట ఏమీ లేదు, తల్లి కడుపులో ఉన్నప్పుడే అది తయారు కాలేదు. పుట్టినప్పుడు పిల్ల అందరిలాగే కనిపించిందంటే, అంతవరకు సోని రక్తంలోంచి ఆ రసం కొంత బిడ్డకు అందుతూ ఉండింది.