అందుతాదా అమ్మా?

కిరోసిన్ స్టవ్వులు కొత్తగా వస్తున్న రోజులు. విజయనగరంలో మా పాత ఇంటి వంటగది అగ్గిపెట్టెకు తమ్ముడు. అందులో నిలబడి వండుకునే గట్టు, గోడకో అలమర కట్టడానికి వచ్చిన తాపీమేస్త్రి మీద నాకిప్పటికీ కుళ్లే.

ఇటుక పెట్టబోయినప్పుడల్లా మా ఆవిడని పిలిచి, "అందుతాదా అమ్మా?" అని అడిగేవాడు. గట్టు ఆవిడ మోచేతి ఎత్తు, అలమర ఆవిడ వేలికొస ఎత్తు. బొగ్గుముక్క ఆవిడకే ఇచ్చి గోడ మీద గీత గీయించాడు. అప్పుడావిడ నవ్విన నవ్వుకి ఊరు మొత్తానికి దీపాలు అక్కర్లేకపోయింది. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో నా వంతుకి అందులో పిసరైనా రాలేదు.

ఉండబట్టలేక, "ఏం మేస్త్రీ, ఇంటి యజమాని కొలత అక్కర్లేదా?" అన్నాను.

అతను తాపీ ఆపి, గాలిగోపురాన్ని చూసినట్టు నన్ను కిందినుంచి పైకి చూశాడు.

"పాత అలమర ఎవులి కొలత, బాబూ?"

"నాదే! దగ్గరుండి కట్టించాను."

"అదే సూస్తన్నాను. అమ్మ ఇన్నేళ్లూ పీటెక్కి ఉప్పుజాడీ దింపుతన్నాది."

పని ముగించి వెళ్తూ ఆ పీట తెచ్చి నా ముందు పెట్టాడు. "అమ్మకింక దీంతో పనిలేదు. తమరు కూకోండి."

ఇప్పుడు దాని మీద కూర్చునే భోంచేస్తున్నాను. కంచం కాస్త దూరంగా పెట్టి, మా ఆవిడ అచ్చం అతని గొంతుతో అడుగుతుంది:

"అందుతాదా బాబూ?"