మా బావ ఎర్ర సిరాతో చంపిన రైతు

ముందే చెప్తున్నాను, గోరంతను కొండంత చేయడం నాకున్న రోగం. ఇందులో కొంత తగ్గించుకుని చదవండి. కోపం మాత్రం వీసమెత్తు తగ్గించొద్దు.

ఈ ఉదయం మా పాలిటెక్నిక్‌లో కొత్త ఆజ్ఞ వచ్చింది. పిల్లల రిపోర్టుల మీద మేం సొంతంగా ఒక్క ముక్క రాయకూడదట. కంప్యూటర్లో ‘బాగుంది’, ‘చాలా బాగుంది’ అని రెండు మీటలుంటాయి, ఏదో ఒకటి నొక్కాలట. పిల్లల మనసు నొచ్చుకోకూడదట! నా ఒళ్లు మండిన మంటకు ఈ కరువు సీమలో మిగిలిన నాలుగు చుక్కల తడి కూడా ఆవిరైపోయింది. వెంటనే మా బావ గుర్తొచ్చాడు. నాకంటే ముందు ఇదే గదిలో పాఠం చెప్పినవాడు. ఆయన పెన్ను వారానికో సీసా ఎర్ర సిరా తాగేది. తప్పుల రిపోర్టు చూసి ఆయన కేకేస్తే హైవే మీద లారీలు ఆగిపోయేవి.

ఒకసారి సోమందేపల్లె రైతు కూతురొకతి బోరు మోటారు స్టార్టరు బాగుచేసుకునే పద్ధతి రాసింది. రైతులకు పంచాల్సిన కాగితం అది. బావ దాని అంచున రాశాడు: “నువ్వు చెప్పినట్టే చేసి మీ నాయన చచ్చిపోయినాడు. మళ్లీ రాయి.”

మర్నాడు ఆ చచ్చిపోయిన నాయన నడుచుకుంటూ వచ్చాడు. “ఏమప్పా సారూ, బతికుండేవాణ్ని కాగితంలో సంపుతావా? ఈడ సదివింది సాలు, మా పాపను తీసకపోతాండా!” వెనకాల ఆ పిల్ల ఏడుస్తోంది. సంచి అప్పటికే భుజాన ఉంది.

బావ ఏ తీగా తగిలించని స్టార్టరు పెట్టె ఒకటి బల్ల మీద పెట్టాడు. “కూచో అన్నా. నీ కూతురు రాసింది సదువుతా. సదివింది సదివినట్టే చెయ్యి.”

మూత తీయమంటే తీశాడు. వదులైన వైరు బిగించమంటే స్క్రూడ్రైవరు ఆనించాడు. అప్పుడు బావ చివరి వాక్యం చదివాడు: “పై పనులన్నిటికీ ముందు మెయిన్ ఆపవలెను.”

రైతు చెయ్యి అక్కడే బిగుసుకుపోయింది. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు దానంతటదే తిరిగే మోటారు ఆయన చేనులోనూ ఉంది. స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టేశాడు. “సచ్చింటి గదప్పా,” అన్నాడు. కూతురి భుజం మీది సంచి తానే దించాడు. “మళ్ల రాయిమ్మా. సారు ఇంగా తిట్టినా రాయి.”

రాసింది. బావ కొట్టేశాడు. మళ్లీ రాసింది.

నేనివాళ ఆ రెండు మీటల్లో ఏదీ నొక్కలేదు. ఎర్ర పెన్ను తీశాను.

సరే, ఒప్పుకుంటాను. సిరా సీసా వారానికొకటి కాదు. లారీలను ఆపిన ఆ కేక పూర్తిగా నా కల్పన. బావ ఎన్నడూ గొంతు పెంచి ఎరగడు, కోపమంతా కాగితం మీదే పెట్టేవాడు. ఆయన పోయి ఏళ్లయింది. ఆయన చంపిన రైతు మాత్రం తన స్టార్టరు పెట్టె మీద అంటించుకున్న కూతురి కాగితంలో మొదటి వాక్యం చదివాకే, ఇప్పటికీ మూత తీస్తున్నాడు.