జ్వరాన్ని నొక్కేసిన సూది

డెక్సా అన్న మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

రెండు వేల ఐదు, ఆరు ప్రాంతం. కొత్తగూడెం సర్కారు దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరి మూడేళ్లయింది. మలేరియా స్లైడ్లు చూడటమే నా పని. అమ్మ చండ్రుగొండ అవతల, అడవి అంచున మా ఊళ్లోనే ఉండేది. నాట్ల గుంపుకు ఆమే పెద్ద. ఆమె లేనిదే మిగతా ఆడవాళ్లు మడిలో దిగరు. అందుకే నాట్ల రోజుల్లో జ్వరమొస్తే, ఊరంతా డాక్టరని పిలిచే ఆర్ఎంపీతో సూది వేయించుకుని మళ్లీ మడిలోకే పోయేది.

నాట్ల రోజుల్లోనే ఒక ఆదివారం నేను వెళ్లేసరికి అమ్మ అన్నం తింటోంది. రెండు రోజులు వణికిందట, సూది పడగానే తగ్గిందట.

"సూడు బిడ్డా, గంటల దిగింది. నీ దవాఖానాల అయితే ముందు వేలు పొడుస్తరు, తర్వాత వారం తిప్పుతరు."

నేను నవ్వాను. సంచిలో స్లైడ్ల పెట్టె ఉంది. అమ్మ నుదురు చల్లగా తగిలేసరికి రక్తం తీయాలని తోచలేదు. నా చెంప నేనే పగలగొట్టుకోవాలి. నాకు తెలిసిన పని అదొక్కటే, అదే మరిచాను.

సాయంత్రం ముఖం కడుక్కుంటూ అమ్మ తూలిపడింది. కళ్లు పచ్చబడ్డాయి. ఒళ్లు మాత్రం చల్లగానే ఉంది. ఆర్ఎంపీ ఇంటికి పరిగెత్తాను.

"ఏం సూది ఏసినవ్?"

"డెక్సా. అది ఏస్తే ఎంత జ్వరమైనా ఉండదమ్మా," అన్నాడు గొప్పగా.

"రక్తం సూడొద్దా?"

"జ్వరం తగ్గినంక రక్తమెందుకు?"

ఎందుకంటే, మలేరియా పురుగు ఎర్రకణాల్లో దూరి, పెరిగి, వాటిని పగలగొట్టుకుని బయటికొస్తుంది. కాపలా తిరిగే తెల్లకణాలు ఆ చెత్తను మింగి, రసాయనాలతో మిగతా కణాలను పిలుస్తాయి. ఆ పిలుపు మెదడుకు అందితేనే వణుకూ, జ్వరమూ. పోరు మితిమీరితే దానితోనూ ప్రాణం పోవచ్చు, నిజమే. కానీ డెక్సా అనే ఈ స్టెరాయిడ్ పురుగును తాకదు. పిలుపును మాత్రం నొక్కేస్తుంది. పురుగు హాయిగా పెరుగుతుంది, మనం తగ్గిందని సంబరపడతాం. ఈ ముక్క తెలియనివాడి చేతికి సిరంజి ఎవడిచ్చాడు?

జీపు కిరాయికి మాట్లాడి కొత్తగూడెం తీసుకెళ్లాం. అమ్మ రక్తం నేనే తీసి, అక్కడి మైక్రోస్కోపులో నేనే చూశాను. స్లైడు ఎటు జరిపినా పురుగులే. వెంటనే క్వినైన్ ఎక్కించారు. మూడు రోజులు సోయి లేకుండా పడుకుని, అమ్మ బతికింది.

ఊరికి తిరిగొచ్చి బస్సు దిగగానే ఆర్ఎంపీ ఎదురుపడ్డాడు. అమ్మ చేతులెత్తి దండం పెట్టింది.

"నీ సూదే పానం నిలబెట్టింది డాక్టర్ సాబ్. దవాఖానాకు వొయినంకనే నాకు సోయి తప్పింది."

నడిబజార్లో వాణ్ని నోటికొచ్చినట్టు తిట్టాను. అమ్మ నా జబ్బ పట్టుకుని లాగింది.

"అద్దమ్మరాత్రి లేపినా వచ్చే మనిషి. గట్ల అంటవా? నీ దవాఖానోళ్లు ఒక్కనాడన్న మన గడప తొక్కిన్రా?"

ఆ మాట నిజమే. అందుకే ఇంకా కోపమొచ్చింది. ఆమెతో మాట్లాడకుండా డ్యూటీకి వెళ్లిపోయాను.

ఆ నెలలోనే గుంపులో ఒకామెకు వణుకు పట్టుకుంది. అమ్మే చెయ్యి పట్టుకుని ఆర్ఎంపీ దగ్గరికి తీసుకెళ్లింది. నాకు కబురు చేయలేదు. జ్వరం దిగింది, ఆమె నాట్లకూ పోయింది. నాలుగో రోజు చనిపోయింది.

దయ్యం గాలి సోకిందని ఊరంతా అంది. అమ్మ కూడా అదే అంది, నా కళ్లలోకి చూడకుండా.