హనుమాయమ్మ పిన్ని ఉపరితల వైశాల్యం

“పిల్ల ఒళ్ళు కాలిపోతోంది! ఏమైపోతుందో ఏమో!”

ఆ కేక నాది. నాలుగు నెలల మా రుచిత గురించి. కేక వినగానే పక్కింటి హనుమాయమ్మ పిన్ని టేపు పట్టుకుని వచ్చింది. వేరేవాళ్ళయితే విభూతో, కషాయమో తెస్తారు. పిన్ని టేపే తెస్తుంది. కంటబడ్డ ప్రతి వస్తువుకీ ఉపరితల వైశాల్యం కట్టందే ఆమెకి అన్నం సయించదు.

హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైంది. పెళ్ళి భోజనంలో లడ్డు కొరికేముందు నాలుగు పై ఆర్ స్క్వేర్ అనుకోవాల్సిందే. ఒకసారి సత్తెనపల్లి బస్సు కోసం నిలబడి, ఎదురుగా ఉన్న వినుకొండ కొండని శంకువనుకుని లెక్క మొదలుపెట్టింది. ఏటవాలు ఎత్తు తేలేలోగా బస్సు వెళ్ళిపోయింది.

“పోతే పోయిందిలే. కొండకి అడుగు కలపక్కర్లేదు, అది భూమిలో ఉంది,” అని తెగ సంతోషపడింది.

పెయింటర్ నూర్ మొహమ్మద్ మా బియ్యం డ్రమ్ముకి రంగు వేస్తుంటే అతన్నీ వదల్లేదు.

“అడుక్కి వేశావా?”

“అడుగు నేలమీద ఉంటది గదమ్మా, ఎవురు చూస్తారు?”

“తుప్పు చూస్తది. తిరగెయ్!”

డ్రమ్ము తిరగేసేదాకా అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుంది.

అలాంటి మనిషి ఆ మే నెల మధ్యాహ్నం మా పిల్ల ముందు టేపు విప్పింది. కూలర్ గాలి పడదేమోనని నేను పిల్లకి ఉన్ని టోపీ, స్వెట్టరు, మేజోళ్ళు వేసి పైన దుప్పటి చుట్టాను. ఫిజిక్స్ చదివినదాన్నే, జలుబు భయం ముందు అదేదీ గుర్తురాలేదు. టోపీ తియ్యమన్నందుకు మా అత్తయ్యతో మాట్లాడటం కూడా మానేశాను. మా ఆయన ఆసుపత్రికి వెళ్ళడానికి కారు బయటికి తీస్తున్నాడు.

“ఇప్పుడు లెక్కలేంది పిన్నీ?” అని అరిచాను.

“ఏమే, కొన్ని మందులు ఒంటి వైశాల్యాన్ని బట్టే ఇస్తారు గదా, సైన్సు చదివి తెలవదా? డాక్టరు అడిగితే ఏం చెప్తావు? ముందు దుప్పటి తియ్యి.”

తీశాను.

“తల గోళం. టోపీ ఉంటే వ్యాసం ఎట్టా తెలుస్తది?”

అదీ తీశాను.

“చేతులు స్థూపాలు. స్వెట్టరు కొలతలో కలవగూడదు.”

“కాళ్ళు?”

“కాళ్ళు మాత్రం స్థూపాలు గాదా? మేజోళ్ళు లాగు!”

పలచటి చొక్కాతో మిగిలిన రుచిత ఏడుపు ఆపింది. ఆసుపత్రికి చేరేసరికి ఒళ్ళు చల్లబడింది. డాక్టరమ్మ పరీక్ష చేసి, “జ్వరమేం లేదు. బట్టలెక్కువై వేడెక్కింది. పాలు పట్టండి,” అంది.

ఇంటికొచ్చాక పిన్నిని అడిగాను. “మొత్తం ఎంతొచ్చింది?”

“ఏం మొత్తం?”

“పిల్ల వైశాల్యం.”

“ఎవురు చూశారే? కళ్ళజోడు మా ఇంట్లోనే మర్చిపోయా.” పకపకా నవ్వింది. “బట్టలు తియ్యమంటే నామీద గూడా అలుగుతావు. కొలతంటే నోరెత్తవు.”

పిన్ని వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది.

“చూడు సుప్రజా, భయమేసినప్పుడు ముందు పిల్ల వీపు మీద చెయ్యి పెట్టు. ఫోనూ, థర్మామీటరూ ఆ తర్వాత.”

ఇప్పుడు అలాగే చేస్తున్నాను. చెయ్యి పెట్టగానే రుచిత నవ్వుతుంది. చాలాసార్లు ఫోను దాకా వెళ్ళే అవసరం రావడం లేదు.