చెత్తబండి మైకులో కొత్త కోడలు

నాకు గొంతు ఎలా వచ్చిందో చెబుతాను. పరువు పోయిన కథే, నవ్వండి, ఫరవాలేదు. రాజమండ్రిలో మా వీధి వీధంతా అప్పుడే నవ్వేసింది, మీకు మిగిలింది తక్కువ.

కాపురానికి వచ్చిన కొత్తలో నేను మాట్లాడితే నాకే వినపడేది కాదు. "ఈ పిల్ల కాఫీ కావాలా అంటోందో, మంత్రాలు చదువుతోందో తెలీదు" అనేవారు మా అత్తగారు. మామగారి ఎదుట పెదాలు కూడా కదిలేవి కావు.

పొద్దున్నే చెత్తబండి వచ్చేది. నేను మేడ దిగేసరికి మలుపు తిరిగిపోయేది. ఆగమని అరవడానికి గొంతేదీ? అందుకని ఒక ఉపాయం కనిపెట్టాను. పక్కనే ఖాళీ స్థలం, మధ్యలో గోడ. సంచి ముడేసి అటు విసిరేసేదాన్ని.

ఒకరోజు పనసపొట్టు కూర వండాం. జిగురు కారే తొక్కలన్నీ సంచిలో కుక్కి, బరువుగా ఉందని రెండు చేతులతో విసిరాను. ఎప్పుడూ దబ్బుమనే సంచి ఆ రోజు "అమ్మా" అంది.

అక్కడ చెత్త వేస్తున్నదెవరో పట్టుకుందామని గోడవతల శానిటరీ ఇన్‌స్పెక్టర్ గారు కాపు కాశారు. పట్టుకున్నారు, నెత్తితో.

మెట్లెక్కి వచ్చారు. మీసానికి పనస పీచు వేలాడుతున్నా మర్యాద మాత్రం చెక్కుచెదరలేదు.

"ఇది తమరిదేనాండి?"

పెదాలు కదిపాను.

"అవునంటోందండి" అని అత్తగారు తర్జుమా చేశారు.

"జరిమానా కడతారాండి, రేపు చెత్తబండెక్కి మైకులో ప్రచారం చేస్తారాండి?"

జరిమానా అనబోయాను. నా పెదాలు చదవడం వచ్చి కూడా అత్తగారు, "బండెక్కుతుందండి. డబ్బు కడితే రేపటికి మర్చిపోద్ది" అనేశారు.

మర్నాడు కొంగు కళ్ళదాకా కప్పుకుని బండిలో కూర్చున్నాను. పెళ్ళి ఊరేగింపుకి వచ్చినట్టు గుమ్మాల నిండా జనం.

"ఆ కొత్త కోడలేనా?"

"ఆవిడేనండి. ఇన్‌స్పెక్టర్ గారికి పనసపండుతో అభిషేకం చేసింది."

భూమి చీలితే దూకేద్దును, బండి ఆగితే కదా.

"తడి చెత్త..." అన్నాను. దోమ పాడినట్టుంది.

"మైకు ఆన్ చేసుకోవాలండి అమ్మగారూ" అన్నాడు డ్రైవర్ సత్తిబాబు.

చేశాను. "తడి చెత్త, పొడి చెత్త" అని ఎవరో మహాతల్లి వీధి దద్దరిల్లేలా పలికింది. ఆ తల్లి నేనేనని తెలిసి ఒళ్ళు జలదరించింది. మళ్ళీ అన్నాను. ఒక వీధిలో కొంగు జారింది, తరవాతి వీధిలో సిగ్గు జారింది.

అప్పుడు కనిపించింది, అటు తిరిగి మురిక్కాలవలోకి సంచి జారవిడుస్తున్న ఒక తెల్లపంచె.

"ఏవండీ, తెల్లపంచె గారూ. ఆ సంచి బయటికి తీయండి. తీసేదాకా ఈ బండి కదలదండి."

తెల్లపంచె ఇటు తిరిగింది. మా మామగారు.

"నువ్వు బండెక్కేశావు కదమ్మా, ఇంట్లో చెత్త ఎవరు వేస్తారని..." అని నసిగారు. ఆయన గొంతు నాకే సరిగా వినపడలేదు.

వెనకే స్కూటర్ మీద వస్తున్న ఇన్‌స్పెక్టర్ గారు దణ్ణం పెట్టారు. "మీ ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారాండి? ఒకేసారి ఎక్కించేస్తానండి, డీజిల్ కలిసొస్తుంది."

సంచి తీసి, మామగారు కూడా నా పక్కన ఎక్కారు. కాసేపటికి మెల్లగా, "నీ గొంతు బాగుందమ్మా. ఇన్నాళ్ళూ వినలేదు" అన్నారు. నేను మైకు పక్కన పెట్టి ఏడ్చాను. దాన్ని ఆఫ్ చేయడం మర్చిపోవడంతో వీధంతా వింది.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా అనుభవంలో నోరు పెద్దదైతే ఊరు శుభ్రం. ఇప్పుడు నేను ఉప్పు అందించమన్నా మా ఆయన, "పక్కనే ఉన్నానే, పేటకంతా చెప్పక్కర్లేదు" అంటారు.

గోదావరమ్మ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో నా చెత్త గోడ దాటదు. నా గొంతు దాటితే మాత్రం నన్ననకండి, శిక్ష వేసినవాళ్ళనడగండి.